మొదటి రోజే ఒక ముసలమ్మని వెనక్కి పంపేశాను అక్కా, ఈ ఉద్యోగం నాకు సరిపోతుందా?

ఒక చెల్లి రాసిన ఉత్తరం ఇది, కాస్త కుదించి పెడుతున్నా.

"అక్కా, మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాం. బీకాం చేశా, బాబు పుట్టాక నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నా. మొన్న సోమవారం నిజాంపేట వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో అడ్మిషన్స్ కౌన్సెలర్‌గా జాయిన్ అయ్యా. ట్రైనింగ్ ఏమీ లేదు, ఒక కుర్చీ, ఒక ఫోను, ఎంక్వైరీ రిజిస్టర్, ఫోన్ చేయాల్సిన తల్లిదండ్రుల 140 నంబర్లున్న లిస్టు ఇచ్చి చేసుకో అన్నారు. పదకొండింటికి ఒకాయన వచ్చి ఫోన్‌లో చెప్పిన ఫీజు వేరు ఇక్కడ చెప్పేది వేరు అని అందరి ముందూ అరిచాడు. తర్వాత ఇంచార్జ్ మేడమ్ రెండో తరగతికి వచ్చిన ఒక పాపకి టెస్ట్ పెట్టమంది, ఆ పాప పెన్సిల్ పట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. మధ్యాహ్నం ఒక ముసలమ్మ మనవణ్ణి తీసుకుని వచ్చింది, ఆరేళ్లుంటాయేమో, బర్త్ సర్టిఫికెట్ లేదు ఏమీ లేదు, పేపర్లు తెచ్చుకుని రండమ్మా అని పంపేశా. ఫోన్ నంబర్ కూడా రాసుకోలేదు. సాయంత్రం ఎన్ని అడ్మిషన్లు క్లోజ్ చేశావ్ అని అడిగారు, సున్నా. ఇంటికొచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు, ఆ ముసలమ్మే గుర్తొస్తోంది. మానేయనా?"

చెల్లీ, మానేయకు. కనీసం జూన్ అయ్యేదాకా ఉండు, స్కూళ్లు తెరిచి పిల్లలు క్లాసుల్లో కూర్చున్నాక ఈ హడావుడి తగ్గుతుంది, అప్పుడు నీకే తెలుస్తుంది ఈ పని నీకు నచ్చిందో లేదో. ఒకటి గమనించావా, ఆ రోజు అన్ని జరిగితే నీకు అన్నం సహించకుండా చేసింది అరిచినాయన కాదు, సున్నా కూడా కాదు, ఆ ముసలమ్మ. నేను 2007 నుంచి పద్దెనిమిదేళ్లు ఇదే కుర్చీలో కూర్చున్నా, నా కింద చాలామంది అమ్మాయిలు పనిచేశారు, నీలాగా పంపేసినవాళ్ల గురించి రాత్రి బాధపడ్డవాళ్లే తర్వాత ఈ పనిలో బాగా నిలబడ్డారు. అందుకే ధైర్యంగా చెప్తున్నా ఉండమని.

నీకు కుర్చీ ఇచ్చినవాళ్లు ఇది అమ్మకం పని అన్నట్టు చెప్పారు, ఎన్ని క్లోజ్ అయ్యాయి, ఎన్ని ఫాలోఅప్‌లు, ఇదే భాష. అది ఉంటుంది, జీతం ఇచ్చేది వాళ్లు కాబట్టి చెయ్యాలి కూడా. కానీ అసలు పని అది కాదమ్మా. ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పేది సరిగ్గా వినడం, విన్నది సరిగ్గా రాయడం, అదీ పని. నాకిది మొదటి రోజున ఎవరూ చెప్పలేదు, తొమ్మిదేళ్ల తర్వాత తెలిసింది, ఎలాగో చెప్తా.

2007 జూన్, విజయవాడ, స్కూల్ తెరిచిన మొదటి వారం, బయట వాన, ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట. నాకు అడ్మిషన్ రిజిస్టర్ ఇచ్చారు, రెండు చేతులతో పట్టుకోవాల్సినంత పుస్తకం, ఎర్ర బట్ట బైండింగ్, అడ్డంగా గళ్లు. అడ్మిషన్ నంబర్, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అంకెల్లో, మళ్లీ అదే అక్షరాల్లో, కులం, మాతృభాష, ఇంతకుముందు చదివిన స్కూలు, చివర్లో పుట్టుమచ్చలు. ఒక టైలర్ గారు కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చారు. పుట్టుమచ్చలు ఎక్కడున్నాయండీ అంటే ఆయన బిత్తరపోయి, బయట గొడుగు పట్టుకుని నిలబడ్డ భార్యని కేకేశారు, ఆవిడ వచ్చి పాప జడ పక్కకి తీసి మెడ మీద ఒకటి చూపించింది, రెండోది మోచేతి కింద. ఆ రెండూ నేను చాలా జాగ్రత్తగా రాశా, ఎందుకంటే అవి వింతగా అనిపించాయి. ఇంటిపేరు దగ్గర మాత్రం ఆగలేదు. వాళ్ల ఇంటిపేరు 'యర్ర'తో మొదలవుతుంది, మనవాళ్లు దాన్ని యర్ర అనీ అంటారు ఎర్ర అనీ అంటారు, నేను విన్నట్టుగా ఇంగ్లీషులో వై పెట్టి రాసేశా. బర్త్ సర్టిఫికెట్‌లో ఇంగ్లీషు ఈ (E) ఉంది. కాగితం నా ముందే ఉంది, వెనక పదిహేను మంది క్యూలో ఉన్నారు, నేను చూడలేదు.

తొమ్మిదేళ్లకి, 2016లో, ఆ పాప టెన్త్‌కి వచ్చింది. టెన్త్ పిల్లల నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్లు, వివరాల జాబితా, బోర్డుకి పంపే ముందు ఇంటికిచ్చి చెక్ చేయిస్తాం కదా, అప్పుడు ఆ తండ్రి ఆధార్ కార్డు, బర్త్ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చాడు, మా అమ్మాయి పేరు ఇదేంటండీ ఇలా ఉంది అని. అక్షరం నాది, చేతిరాత నాది, నేను అదే స్కూల్లో అదే కుర్చీలో ఉన్నా. రిజిస్టర్‌లో మార్చాలంటే అఫిడవిట్టు, పైఆఫీసు చుట్టూ తిరగడం, ఆయన రెండు రోజులు కుట్టు మిషన్ ఆపుకుని తిరిగాడు. మార్కుల మెమో ప్రింట్ అవ్వకముందే పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది, మెమో వచ్చాక అయితే ఇంటర్, డిగ్రీ, పాస్‌పోర్టు అన్నీ ఆ మెమోనే చూస్తాయి, పుట్టిన తేదీ అయితే మరీ కష్టం, అమెరికా వెళ్లే పిల్లలు ఒక్క అక్షరం కోసం ఎంత అవస్థ పడతారో నీకూ తెలిసే ఉంటుంది. ఆ రోజు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి నువ్వు రేపటి నుంచి ఒకటి అలవాటు చేసుకో. ఫారం నువ్వు నింపినా వాళ్లు నింపినా, పేరు, ఇంటిపేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, ఈ నాలుగూ బర్త్ సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం వేలు పెట్టి చూడు, పిల్లాడి ఆధార్‌తో కూడా కలుస్తుందో లేదో చూడు, కలవకపోతే అప్పుడే చెప్పు, ఒకటో తరగతిలో సరిచేసుకోవడం తేలిక. రాశాక ఫారం వాళ్ల వైపు తిప్పి చదవమను, చదువు రానివాళ్లయితే నువ్వే పైకి చదివి వినిపించు. రెండు నిమిషాలు పడుతుంది. క్యూ ఉంటే ఉండనీ.

ఫీజు గొడవ గురించి. అరిచినాయన తప్పేం లేదు, నీ తప్పూ లేదు, ఫోన్‌లో ఒక అంకె చెప్పి పిలిచి ఇక్కడ ఇంకో అంకె చెప్పే పద్ధతి తప్పు. ఉదాహరణకి ట్యూషన్ ఫీజు 60,000 అని చెప్తారు, మనిషి వచ్చాక అడ్మిషన్ ఫీజు 10,000, పుస్తకాలు 9,000, యూనిఫాం 5,000, బస్సు 21,000 అంటారు, మొత్తం 1,05,000 అవుతుంది, 60,000కి అప్పు మాట్లాడుకుని వచ్చిన మనిషి అరవకుండా ఏం చేస్తాడు? నువ్వు అకౌంట్స్ వాళ్ల దగ్గర కూర్చుని క్లాసు వారీగా మొత్తం ఒక కాగితం మీద రాయించుకో, ఏ టర్మ్‌కి ఎంత కట్టాలి, బస్సు ఏ స్టాప్ నుంచి ఎంత, ఏది వాపసు వస్తుంది ఏది రాదు. తర్వాత ఎవరడిగినా మొదటి మాటగా "అన్నీ కలిపి ఏడాదికి మీ చేతి నుంచి ఇంత పోతుందండీ" అని చెప్పు. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోతారు, నిజమే, మిగిలినవాళ్లు నిన్ను నమ్ముతారు, వాళ్ల తోడికోడలికి కూడా నీ పేరే చెప్తారు. మేడమ్‌కి కూడా ఇలాగే చెప్పు, గొడవలు తగ్గుతాయి అంటే ఆవిడా వింటుంది. డిస్కౌంట్ మాట మాత్రం నీ నోటి నుంచి రానివ్వకు, కనుక్కుని చెప్తానండీ అను. ఇంకోటి, రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా నీ చేత్తో తీసుకోకు, ఎంత తెలిసినవాళ్లయినా సరే.

కనుక్కుని చెప్తా అన్నాక కనుక్కుని నిజంగా ఫోన్ చెయ్యి. అదే రోజు సాయంత్రం. మామూలుగా ఎవరూ చెయ్యరు, అందుకే చేసినవాళ్లు గుర్తుంటారు.

ఇక ఆ రెండో తరగతి పాప. ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది చెల్లీ, నీ మీద కాదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం అడ్మిషన్‌కి పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ టెస్టు, ఇంటర్వ్యూ పెట్టి వడపోయకూడదు, క్యాపిటేషన్ ఫీజు, అంటే చెప్పిన ఫీజు కాకుండా డొనేషన్ లాంటిది, తీసుకోకూడదు. టెస్టు పెడితే మొదటిసారి 25,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా, క్యాపిటేషన్ తీసుకుంటే తీసుకున్నదానికి పది రెట్ల దాకా. చాలా స్కూళ్లు దీనికి ఇంటరాక్షన్ అని పేరు మార్చి పెట్టుకున్నాయి. పేరు ఏదైనా, ఏడేళ్ల పిల్లకి తెలియని గదిలో తెలియని మనిషి పేపర్ ఇచ్చి రాయమంటే ఏడుస్తుంది, అందులో ఆ పిల్ల తెలివి ఏం తెలుస్తుంది?

అలా అని నువ్వు జాయిన్ అయిన వారంలో సెక్షన్లు చెప్పి మేడమ్‌తో పోట్లాడమని అనను, ఇంట్లో బాబు ఉన్నాడు, నీకు జీతం కావాలి. నేను చేసింది చెప్తా. మా మేడమ్ మళ్లీ పేపర్ ఇస్తే, "మేడమ్, వీళ్లని చేర్చుకున్నాక క్లాస్ టీచర్ ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తెలియడానికే కదా, నేను పాపతో మాట్లాడి రాసిస్తా" అన్నా. పాప పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఎదురుగా కాదు పక్కన, కథల పుస్తకం ఏదైనా తెరిచి నువ్వు చదువు నేను వింటా అంటే పిల్లలు చదువుతారు. ఏ భాషలో తేలిగ్గా మాట్లాడుతోంది, కళ్లజోడు అవసరం ఉందేమో, చెవి సరిగ్గా వినిపిస్తోందా, ఏ తిండి పడదు, బస్సులో వాంతులవుతాయా, ఇవి రాసి టీచర్‌కి ఇచ్చా. పాస్, ఫెయిల్ అనే మాట ఏ కాగితం మీదా రాయలేదు. కొన్నాళ్లకి టీచర్లే ఆ కాగితం కావాలని అడగడం మొదలుపెట్టారు, టెస్ట్ పేపర్ సంగతి అందరూ మర్చిపోయారు. నీ దగ్గర కూడా అలాగే అవుతుందని నేను రాసివ్వలేను గానీ, ప్రయత్నం చెయ్యి.

స్కూల్ గురించి నువ్వు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, ఎవరూ చెప్పరు కాబట్టి నువ్వే అడుగు. గుర్తింపు ఉత్తర్వు ఏ తరగతి దాకా ఉంది, ఏ సంవత్సరం దాకా ఉంది, యూడైస్ కోడ్, అంటే ప్రభుత్వ లెక్కల్లో ప్రతి స్కూలుకీ ఉండే నంబర్, ఎంత (11 అంకెలుంటాయి), సీబీఎస్‌ఈ అంటున్నారు అంటే నిజంగా అఫిలియేషన్, అంటే ఆ బోర్డు గుర్తింపు, ఉందా లేక పుస్తకాలు మాత్రమే సీబీఎస్‌ఈ వా. ఈ చివరిది చాలా ముఖ్యం, బయట ఫ్లెక్సీ మీద ఏముందో చూసి తల్లిదండ్రులకి చెప్పకు, అఫిలియేషన్ నంబర్ అడిగి బోర్డు వాళ్ల సారస్ పోర్టల్‌లో నువ్వే చూసుకో. వయసు సంగతి కూడా రోజుకి పదిమంది అడుగుతారు, కేంద్రీయ విద్యాలయాల్లో 2022-23 నుంచి ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాల్సిందే, నీ స్కూల్లో ఏ తేదీకి ఎన్నేళ్లు చూస్తున్నారో కాగితం మీద తీసుకో. వేరే స్కూల్ నుంచి వచ్చే పిల్లలకి టీసీ ఒక్కటే కాదు, యూడైస్ ప్లస్ పోర్టల్‌లో ఒక్కో పిల్లాడికి ఉండే పెన్ నంబర్ కూడా అడిగి రాసుకో, పాత స్కూల్ వాళ్లు అక్కడి నుంచి వదిలితేనే నీ స్కూల్ లాగిన్‌లోకి వస్తాడు, ఫీజు బాకీ అని ఆపేస్తుంటారు, జూన్‌లో అడిగితే జూలైకి తేలుతుంది, సెప్టెంబర్‌లో గుర్తొస్తే డేటా ఎంట్రీ వాళ్లూ నువ్వూ ఇద్దరూ ఏడవాలి.

ఇప్పుడు సెలవులు కాబట్టి స్కూల్ ఖాళీగా ఉంటుంది, ఇది నీకు మంచి అవకాశం. రేపు లంచ్ టైంలో ఒక అరగంట మొత్తం తిరుగు. నర్సరీ క్లాసు ఏ అంతస్తులో ఉంది, పిల్లల టాయిలెట్లో కుళాయి పిల్లలకి అందేంత ఎత్తులో ఉందా, తాగే నీళ్లు ఎక్కడ, బస్సు ఎక్కే చోట నీడ ఉందా. తల్లులు ఇవే అడుగుతారు, బ్రోషర్‌లో ఉన్న రోబోటిక్స్ ల్యాబ్ గురించి తండ్రులు అడుగుతారేమో గానీ తల్లి అడిగేది నా బిడ్డ బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఎవరికి చెప్పాలి అని. దానికి "ఆయమ్మ ఫలానా ఆవిడ ఉంటుందండీ, ఎనిమిదేళ్లుగా ఇక్కడే చేస్తోంది" అని నువ్వు చెప్పగలగాలి. అందుకని ఆయమ్మలతో, డ్రైవర్లతో, వాచ్‌మన్‌తో మాట్లాడు, పేర్లు తెలుసుకో.

ఆ 140 నంబర్లు చూసి భయపడకు. పొద్దున పదింటి లోపు చేస్తే ఎవరూ ఎత్తరు, ఎత్తినా విసుక్కుంటారు, పదకొండు నుంచి ఒంటిగంట లోపు, మళ్లీ సాయంత్రం ఐదు దాటాక చెయ్యి. రోజుకి ముప్పై చాలు. ప్రతి కాల్ తర్వాత ఒక్క లైన్ రాసుకో, "పెద్దమ్మాయి నాలుగో క్లాస్, ఇల్లు మారుతున్నారు, జూన్ మొదటి వారం చేయమన్నారు" ఇలా. వద్దన్నవాళ్లకి మళ్లీ చేయకు, పేరు కొట్టెయ్. ఆ లిస్టు ఫోటో తీసి ఎవరికీ పంపకు, ట్యూషన్ సెంటర్ వాళ్లు, డాన్స్ క్లాసుల వాళ్లు వచ్చి అడుగుతారు, డబ్బులిస్తాం అంటారు, అందులో ఉన్నవి పిల్లల పేర్లు, వయసులు, ఇళ్ల అడ్రసులు, అది గుర్తుపెట్టుకో.

టార్గెట్ గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. జాయిన్ అయిన రోజు సున్నా కాకపోతే ఎంత వస్తుంది?

ఇప్పుడు ఆ ముసలమ్మ దగ్గరికి వద్దాం.

నువ్వు పేపర్లు తెచ్చుకోమన్నావు, అది నువ్వు కావాలని చేసింది కాదు, నీ ముందున్న చెక్‌లిస్టులో అదే ఉంది. కానీ చట్టంలో ఏముందంటే, వయసు రుజువు లేదని ఏ పిల్లాడికీ అడ్మిషన్ కాదనకూడదు, 14వ సెక్షన్. దాని కింద 2010లో కేంద్రం చేసిన రూల్స్‌లో బర్త్ సర్టిఫికెట్ లేకపోతే ఏం చూడాలో కూడా ఉంది, ఆసుపత్రి రికార్డు గానీ ఏఎన్ఎమ్ (ఊళ్లో తిరిగే ప్రభుత్వ నర్సమ్మ) రిజిస్టర్ గానీ, అంగన్‌వాడీ రికార్డు, అవీ లేకపోతే తల్లి, తండ్రి లేదా గార్డియన్ రాసిచ్చిన డిక్లరేషన్. అంటే ఆవిడ వేలిముద్ర వేసి ఇచ్చిన కాగితం కూడా పనికొస్తుంది. ఆధార్ లేదని కూడా స్కూల్ అడ్మిషన్ ఆపకూడదు, 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆధార్ తీర్పులో ఆ మాట ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్లకి వెళ్తే టీసీ ఆలస్యమైందని కూడా ఆపకూడదు.

ఇంకో సంగతి, ఆవిడ మీ స్కూల్ ఫీజు కట్టగలదో లేదో మనకి తెలియదు. చూసి మనమే అనుకోకూడదు, కొడుకు దుబాయ్‌లో ఉండొచ్చు, కూతురు నర్సు అయి ఉండొచ్చు. అందరికీ చెప్పినట్టే ఏడాదికి ఎంతో మొత్తం చెప్పు. కట్టలేనంటే, అక్కడితో మాట ఆపకుండా దగ్గర్లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఎక్కడుందో చెప్పు, జూన్‌లో బడిబాట అని టీచర్లే ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్చుకుంటారు, ఆ హెడ్‌మాస్టర్ నంబర్ కనుక్కుని ఒక చీటీ మీద రాసివ్వు. నీ ఇంచార్జ్‌కి ఇది లెక్కలో రాదు, రాకపోతే పోనీ. నేను ప్రతి ఏడాదీ నా రిజిస్టర్ చివరి పేజీలో ఇలా పక్క స్కూళ్లకి పంపినవాళ్ల పేర్లు రాసుకునేదాన్ని, జూలైలో ఒకసారి ఫోన్ చేసి చేరారా అని అడిగేదాన్ని.

ఫోన్ నంబర్ రాసుకోలేదన్నావు కదా, రేపు స్కూల్‌కి వెళ్లగానే వాచ్‌మన్‌ని అడుగు. గేటు దగ్గర ఆవిడ ఆగి ఆఫీసు ఎటు అని అతన్నే అడిగి ఉంటుంది, ఏ వైపు నుంచి వచ్చింది, ఎవరింట్లో పనిచేస్తుంది, అతనికి తెలిసే ఛాన్స్ ఎక్కువ. తెలియకపోతే ఎదురుగా టీ కొట్టు వాళ్లని, ఇస్త్రీ బండి వాళ్లని అడగమను, స్కూల్ మేడమ్ రమ్మంటోంది, పేపర్లు లేకపోయినా రమ్మంటోంది అని చెప్పమను. వచ్చాక ముందు కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు, మే ఎండలో నడిచొస్తుంది. బాబు పేరు, ఇంటిపేరు అడుగు, అమ్మానాన్న ఎక్కడున్నారో మెల్లగా అడుగు, చెప్పకపోతే వదిలెయ్. అంగన్‌వాడీకి వెళ్లాడా అని అడుగు, వెళ్లి ఉంటే అక్కడ టీచర్ దగ్గర రిజిస్టర్ ఉంటుంది. ఈసారి నంబర్ రాసుకో, ఆవిడకి ఫోన్ లేకపోతే పక్కింటివాళ్లది రాసుకో. ఏమైందో నాకు మళ్లీ రాయి.